ఆరేళ్లలో నా మాటే మారిపోయింది. మనిషిని కూడా మారిపోయానా?

జీడితోట
మాది పలాస దగ్గర పల్లెటూరు. పెళ్లయి ఆరేళ్లు. ఆయనది హనుమకొండ. ఇద్దరికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు, ఉప్పల్ వైపు ఉంటాం. నాలుగేళ్ల పాప. అత్తమ్మ మాతోనే ఉంటారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాం. భోగి రోజు పొద్దున్న మా పిన్ని కొడుకు మంటలో పచ్చి కొమ్మలు వేస్తుంటే "గట్ల ఎందుకు ఏస్తున్నవ్‌రా, పొగొస్తది" అన్నాను. అందరూ ఒక్కసారి నావైపు చూశారు. తర్వాత నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను. మా అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. "ఓలమ్మ, ఇదేటే, గుంట మాటే మారిపోనాది" అని నా మొహంలోకి చూసింది. ఇంకేమీ అనలేదు.

ఆ మాట నన్ను వదలడం లేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో రాత్రంతా నిద్ర పట్టలేదు. పై బెర్తు మీద పడుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. బంగాళాదుంపని ఆలుగడ్డ అంటున్నాను. వెల్లుల్లి ఎల్లిగడ్డ అయింది. అరిసెలు, పొంగడాలు చేసేదాన్ని, ఇప్పుడు సకినాలు చుడుతున్నాను, బాగానే వస్తున్నాయి కూడా. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడతాను, అది నాకు నిజంగా ఇష్టం. నన్నెవరూ బలవంతం చేయలేదు. అత్తమ్మ మంచి మనిషి. మా ఆయనా అంతే.

కానీ ఇక్కడ నేను ఆరేళ్లయినా "ఆంధ్రామె"నే. అక్కడికెళ్తే తెలంగాణమ్మని అయిపోయాను. మనుషులతో కలిసి బతికితే మారతామని తెలుసు. ఎంతవరకు మారితే మనం ఇంకా మనమే? మీలో ఎవరికైనా ఇలా అనిపించిందా?

ఓరుగల్లు_వాసు
దీనికింత టెన్షన్ ఎందుకక్కా. ఎక్కడుంటే అక్కడి మాట వస్తుంది. నా దోస్త్ ఒకడు చెన్నైలో నాలుగేళ్లు ఉండి వచ్చి, మా గల్లీ కిరాణం షాపులో "అన్నా, సీక్రం" అంటున్నాడు, అరవంలో త్వరగా అని. షాపాయన ఇంకా అది ఏ సరుకో అని వెతుకుతున్నాడు. మీరు సకినాలు చుడుతున్నారంటే మాకు సంతోషం. మా చెల్లెకి ఇప్పటికీ చుట్టు సరిగ్గా రాదు.

గోదారిగట్టు
వాసు తేలిగ్గా అనేశాడు గానీ అంత తేలిక కాదమ్మా. నేను రాజోలు నుంచి నెల్లూరు కోడలిగా వచ్చి ముప్పై రెండేళ్లు. "పిల్ల ఇట్టే కలిసిపోయింది" అని మా అత్తవారి వైపు అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఎంత తియ్యగా ఉండేదంటే, ఇరవై ఏళ్లపాటు ఆ ఇంట్లో పనసపొట్టు కూర వండలేదు నేను. ఎవరూ తినరు కదా, నా ఒక్కదాని కోసం ఎందుకని. పిల్లలు చదువులకి వెళ్లిపోయాక ఒకరోజు మా తమ్ముడు పొట్టు కొట్టించి పంపితే, ఆవపెట్టి వండుకున్నాను. తింటూ ఏడ్చాను. కూర కోసం కాదని మీకు అర్థమవుతుంది.

నాదొక ప్రశ్న. ఈ ఆరేళ్లలో మీ ఆయన మీ ఊరి మాట ఒక్కటైనా నేర్చుకున్నారా? మారేది ఎప్పుడూ ఆడపిల్లేనా?

ఓరుగల్లు_వాసు
పనసపొట్టు వండుకోవద్దని మిమ్మల్ని ఎవరైనా ఆపారా అమ్మా?

గోదారిగట్టు
లేదు బాబూ. ఆపి ఉంటే పోట్లాడేదాన్ని. ఎవరూ ఆపలేదు కాబట్టే ఇరవై ఏళ్లు తెలియలేదు.

ఎర్రనేల
"మారేది ఎప్పుడూ ఆడపిల్లేనా" అని పెద్దమ్మ అడిగింది కాబట్టి రాస్తున్నా. నేను ఇల్లరికం అల్లుణ్ణి. మాది రాయచోటి పక్క. మా ఆవిడ వాళ్లది గుడివాడ దగ్గర. వాళ్లకి మగపిల్లలు లేరు, ఆరెకరాల మాగాణి ఉంది. పన్నెండేళ్ల కింద వచ్చా.

చెనక్కాయ పంట తప్ప ఏమీ తెలీదు నాకు. మబ్బు కోసం ఆకాశం చూసే చోటి నుంచి, కాలవ నీళ్ల వంతు కోసం గట్టు మీద కూర్చునే చోటికి వచ్చా. మొదటి ఏడాది వరి ఇంకా కోయకముందే అందులో మినుములు చల్లుతుంటే వీళ్లకి మతి పోయిందా అనుకున్నా. ఇప్పుడు నేనే పది మందికి చెప్తున్నా ఎప్పుడు చల్లాలో. మాట మారింది, నడక మారింది. బురదలో నడిచీ నడిచీ కాళ్లు వేరే రకంగా పడతాయి, మా అన్న చూసి చెప్పాడు.

మారనిది ఒకటుంది. పొద్దున రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి. మొదట్లో మా అత్త "అన్నం ఉండగా ఆ ముద్ద ఎందుకు బాబూ" అనేది. నేనే కెలుక్కుని తినేవాణ్ణి. ఎవరి మీదా కోపంతో కాదు, అది లేకపోతే నాకు పొద్దు మొదలైనట్టుండదు. ఇప్పుడు షుగర్ వచ్చాక ఆమే నన్ను అడిగి చేయించుకుంటోంది.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించా. పెద్దోడు పుట్టినప్పుడు మా మామ వాణ్ణి తన ఇంటిపేరుతో పిలవాలని అడిగాడు. ఆయన అడగడంలో తప్పులేదు. నాకు మాత్రం గుండెలో రాయి పడినట్టయింది. ఊరు వదిలేశా, భూమి వదిలేశా, మాట వదిలేశా, ఇది కూడానా అనిపించింది. వారం రోజులు నిద్రలేదు. చివరికి చెప్పేశా, "మామా, ఇది మాత్రం నావల్ల కాదు" అని. మూడు నెలలు ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. పొలం పనులు మాత్రం పక్కపక్కనే చేసుకున్నాం.

ఐదేళ్లకి పాప పుట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆసుపత్రిలో పేరు రాయించేటప్పుడు నేనే మా ఆవిడ పుట్టింటి ఇంటిపేరు చెప్పా. అడిగినప్పుడు ఇవ్వలేకపోయినదాన్ని అడగనప్పుడు ఎందుకు ఇచ్చానో నాకే తెలీదు. బడిలో ప్రతి జూన్‌లో అడుగుతారు, అన్నాచెల్లెళ్లకి వేరే ఇంటిపేర్లేమిటని. చెప్పుకుంటాం.

మూడోబెంచి
ఎర్రనేల అన్నా, మీ పోస్టు మూడుసార్లు చదివాను.

గోదారిగట్టు
నేనూను. నా ప్రశ్న వెనక్కి తీసుకోను గానీ కొంచెం మారుస్తాను: ఆ ఇంట్లో మారుతున్నది ఒక్కరేనా?

డల్లాస్_దీప
ఇంటిపేరు దాకా వచ్చారు కాబట్టి నాదీ చెబుతాను. పెళ్లయ్యాక నేను ఇంటిపేరు మార్చుకోలేదు. పాస్‌పోర్టు, డిగ్రీ, వీసా అన్నీ పుట్టింటి పేరుతోనే ఉన్నాయి, మార్చాలంటే నెలల పని అని మొదట కారణం చెప్పాను. నిజం చెప్పాలంటే అది సాకు. ఆ పేరుతోనే నాన్న నన్ను కాలేజీలో చేర్పించారు, దాన్ని వదలబుద్ధి కాలేదు, అంతే. మా ఆయనకు అభ్యంతరం లేదు. వాళ్ల నాయనమ్మగారు మాత్రం "అయితే మా ఇంటి పిల్లవి కావా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడకు అది గోత్రంతో, ఇలవేల్పుతో ముడిపడిన విషయం. నాకు అదొక కాగితం మీది మాట. ఇద్దరం నిజమే చెబుతున్నాం. ప్రతి ఫోన్‌లోనూ ఆవిడ నన్ను తమ ఇంటిపేరుతో కలిపి పిలుస్తారు, నేను పలుకుతాను.

బాబుతో ప్రయాణం చేసేటప్పుడు వాడి బర్త్ సర్టిఫికెట్ కాపీ బ్యాగులో పెట్టుకుంటాను, ఇంటిపేర్లు వేరు కాబట్టి.

పాలపిట్ట_నీలు
వచ్చే నెల నా పెళ్లి. దీప గారూ, మార్చుకోకపోతే ఇండియాలో ఏమైనా ఇబ్బందా? మా బంధువులు చట్ట ప్రకారం మార్చుకోవాలి అంటున్నారు.

డల్లాస్_దీప
అలాంటి చట్టమేమీ లేదు నీలూ. భార్య ఇంటిపేరు మార్చుకుని తీరాలని ఎక్కడా లేదు. మార్చుకోవాలనిపిస్తే తొందరపడకుండా ఒక్కసారే అన్నిట్లో ఒకే స్పెల్లింగ్‌తో మార్చుకో. ఆధార్‌లో పేరు జీవితంలో 2 సార్లే మార్చుకోనిస్తారు. ముందు ఆధార్, తర్వాత పాన్, బ్యాంకు. లేకపోతే ఒకచోట ఒక పేరు, ఇంకోచోట ఇంకోటి ఉండి ఏళ్ల తరబడి తిప్పలు.

రిటైర్డ్_మాస్టారు
జీడితోట అమ్మాయీ, మీ ఊరి వైపు మనిషి గురించే చెబుతాను. గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం. అక్కడి కొండల్లోని సవరల మాట చెవిన పడి, వాళ్లను ఇంట్లో పెట్టుకుని మరీ వాళ్ల భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఇంకొకరి మాటను అంత లోతుగా నేర్చుకున్న మనిషే తర్వాత తెలుగువాళ్లు మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడారు. సవర నేర్చుకున్నందువల్ల ఆయన తెలుగు పోలేదు. మాట్లాడే మాటకుండే విలువ ఆయనకు అక్కడే బోధపడిందని నా నమ్మకం.

ఇప్పుడు మీ ఆయన ఊరి వైపు. కాళోజీ నారాయణరావు గారు 1914 సెప్టెంబరు 9న పుట్టారు. పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో. తల్లిది కన్నడం, తండ్రి వైపు మరాఠీ మూలాలు. పెరిగింది ఓరుగల్లు పక్కన మడికొండలో. పలుకుబడుల భాష గురించి అంత గట్టిగా నిలబడిన మనిషి పుట్టుక అది. ఆయన పుట్టినరోజునే తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

ఆగస్టు 29, సెప్టెంబరు 9. మధ్యలో పదకొండు రోజులు. మీ పాపకు రెండూ చెప్పండి.

ఓరుగల్లు_వాసు
మాస్టారూ, కాళోజీ అమ్మగారిది కన్నడం అని మా ఊళ్లో ఎంతమందికి తెలుసో! నేను ఓరుగల్లువాణ్ణే, నాకు ఇప్పుడే తెలిసింది.

మూడోబెంచి
నాది పెళ్లి సంగతి కాదు, ఇక్కడ రాయొచ్చో లేదో. బీటెక్ మూడో ఏడాది. ఇంటర్ దాకా నేను క్లాసులో నోరు విప్పేవాణ్ణి కాదు. హాస్టల్లో నా రూమ్మేట్ వల్ల మొత్తం మారిపోయాను. వాడు నన్ను స్టేజీ ఎక్కించాడు, ఈత నేర్పాడు, అప్పు అడిగినవాడికి లేదు అని చెప్పడం నేర్పాడు. ఇంటికెళ్తే మళ్లీ పాత మనిషినే. అమ్మ "హాస్టల్లో బాగా మాట్లాడతావంట కదరా, మాతో ఎందుకు మాట్లాడవు" అంటుంది. రెండింటిలో నిజం నేనెవర్ని?

ఎర్రనేల
తమ్ముడూ, ఇంట్లో అమ్మతో ఒకరోజు ఆ రూమ్మేట్ కబుర్లు చెప్పి చూడు. ఎక్కువ ఆలోచించొద్దు.

తూనీగ
నేను ఎమ్మే సైకాలజీ చదివాను. ఇక్కడ పనికొచ్చేవి రెండు గుర్తొస్తున్నాయి.

హోవార్డ్ గైల్స్ అనే ఆయన 1970లలో మాట గురించి ఒక సిద్ధాంతం చెప్పారు. ఎదుటివాళ్లు నచ్చితే, వాళ్లకు దగ్గరవ్వాలనుకుంటే మన మాట మనకు తెలియకుండానే వాళ్ల వైపు జరుగుతుంది. దూరం పెట్టాలనుకుంటే మన యాసనే ఇంకా గట్టిగా పలుకుతాం. జీడితోట గారికి అత్తమ్మ అంటే ఇష్టం కాబట్టే ఆలుగడ్డ నోటికొచ్చిందని నేను చదువుకుంటాను.

రెండోది 1999లో డ్రిగోటస్, రస్‌బల్ట్, వాళ్ల తోటివాళ్లు రాసింది. దానికి ఇటలీ శిల్పి మైకెలాంజిలో పేరు పెట్టారు. రాతిలో ముందే ఉన్న రూపాన్ని బయటికి తీయడమే శిల్పం అని ఆయన అనుకునేవాడట. దంపతులు కూడా ఒకరినొకరు అలా చెక్కుకుంటారు అని వీళ్ల వాదన. నువ్వు ఎలాంటి మనిషివి కావాలని కలగన్నావో, ఆ వైపుగా నిన్ను చెక్కితే నీకూ బాగుంటుంది, బంధమూ గట్టిపడుతుంది. మూడోబెంచి రూమ్మేట్ చేసింది అదే. అలా కాక, తనకు ఎలాంటి మనిషి కావాలో అలా నిన్ను చెక్కడం మొదలుపెడితే, ఎంత ప్రేమగా చెక్కినా నొప్పే మిగులుతుంది.

ఓరుగల్లు_వాసు
శిల్పి అంటే మా రామప్ప గుడి గుర్తొచ్చింది. ఆ గుడిని దేవుడి పేరుతో కాకుండా చెక్కిన శిల్పి పేరుతోనే పిలుస్తారని మా దగ్గర చెప్పుకుంటారు. రాయిని ఎవరూ ఏమీ అడగరు. జీడితోట అక్క రాయి వైపు నుంచి అడుగుతోంది. మొదట్లో నేను తొందరపడి జవాబిచ్చాను.

వేపచెట్టు
ఇన్ని పోస్టులు చదివాక నాది రాయాలనిపించింది.

నా పెళ్లిలో నేను మారిన తీరు వేరు. స్కూల్లో పాటల పోటీలంటే నన్నే పంపేవారు. పెళ్లయిన కొత్తలో వంటింట్లో పాడుకుంటుంటే "పక్కింటివాళ్లు వింటారు" అన్నాడు. మానేశాను. స్నేహితురాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి అన్నాడు. తగ్గించాను. జీతం ఎంతో మా అమ్మకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. ఒక్కొక్కటీ చూస్తే చిన్నదే. దీనికి గొడవెందుకు అనిపించేంత చిన్నది.

ఒకరోజు ఆఫీసు నుంచి ఇంటికి బస్సులో వెళ్తున్నాను. ట్రాఫిక్ వల్ల ఇరవై నిమిషాలు ఆలస్యం. ఇంటికెళ్లి ఏం చెప్పాలో మనసులో అనుకుంటున్నాను. మొదటి వాక్యం, దానికి అతను ఏమంటాడు, దానికి నా జవాబు. పక్క సీటులో ఒకావిడ "ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు" అంది. పెదవులు కదుపుతున్నానని నాకు తెలియదు. ఆవిడ అడిగేవరకు, తొమ్మిదేళ్లుగా రోజూ ఆ బస్సులో అదే పని చేస్తున్నానని కూడా తెలియదు.

ఇప్పుడు విడిగా ఉంటున్నాను. దాని గురించి ఇంకెక్కువ రాయలేను.

జీడితోట గారూ, మీది నాలాంటిది కాదని మీ మాటల్లోనే కనిపిస్తోంది. అయినా ఒకటి అడుగుతాను. మీరు వాళ్ల మాట నేర్చుకున్నారా, మీ మాట మానేశారా? నేర్చుకోవడం వేరు, మానేయడం వేరు. మీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అత్తమ్మ పక్కనుంటే మీరు ఏ మాటలో మాట్లాడతారు?

గోదారిగట్టు
వేపచెట్టూ, నువ్వు ఎక్కడున్నా పాడుకో తల్లీ. గట్టిగా పాడుకో.

తూనీగ
వేపచెట్టు గారి లాంటి పరిస్థితిలో ఎవరైనా ఇది చదువుతుంటే, 181 మహిళల హెల్ప్‌లైన్ ఉంది. పెద్ద గొడవ జరిగేదాకా ఆగక్కర్లేదు, మాట్లాడటానికైనా చేయొచ్చు.

జీడితోట
రెండు రోజులుగా వేపచెట్టు గారి ప్రశ్నకు జవాబు రాద్దామని తెరిచి మూసేస్తున్నాను.

అమ్మతో ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్తాను. తలుపు వేసుకుంటాను. అదేమీ రహస్యం కాదు, కూరల గురించే మాట్లాడుకుంటాం. ఎందుకు తలుపు వేసుకుంటున్నానా అని ఆలోచిస్తే పెళ్లయిన మొదటి సంవత్సరం గుర్తొచ్చింది.

హనుమకొండలో వాళ్ల చిన్నాన్న ఇంట్లో ఫంక్షన్. అన్నం తిన్నావా అని ఎవరో అడిగారు. "తినీసాను" అన్నాను. మా వైపు అంతే కదా, తినీసాను, వచ్చీసాను, చెప్పీసాను. ఆ ఇంటి పిల్లలు, అంటే మా ఆయన కజిన్స్, ఆ మాట పట్టుకున్నారు. ఆ రోజంతా "వదినా తినీసారా, వదినా కూర్చునీసారా" అని ఒకటే ఆట. చెడ్డ పిల్లలు కాదు, నన్ను ఆటపట్టించడమంటే నన్ను తమలో కలుపుకోవడమే వాళ్ల లెక్కలో. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వారు. నేను కూడా.

ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో ఆ మాట నా నోటి నుంచి రాలేదు. ఎవరూ వద్దనలేదు. గోదారిగట్టు గారి పనసపొట్టు లాగే.

కాబట్టి వేపచెట్టు గారూ, సకినాలూ బతుకమ్మా నేను నేర్చుకున్నవి. "తినీసాను" నేను మానేసింది. అమ్మమ్మకు తెలిసిపోయింది ఇదేనేమో. ఆలుగడ్డ అన్నందుకు ఆవిడకు బాధ లేదు. నేను ఆవిడతో మాట్లాడేటప్పుడు కూడా ఆగి, మాట వెతుక్కుని మాట్లాడాను ఈసారి.

ఓరుగల్లు_వాసు
ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా బాపు 1980లలో హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన మాట విని అక్కడివాళ్లు నవ్వేవారు. సినిమాల్లో మా మాట కామెడీవాళ్లకి, రౌడీలకి పెట్టేవాళ్లు అప్పుడు. బాపు పుస్తకాల భాష నేర్చుకున్నాడు. ఆఫీసులో "వచ్చాను, వెళ్తున్నాను". ఇంటికొచ్చి చెప్పులు విడువంగనే "ఒచ్చిన". నేను చిన్నప్పుడు ఒకసారి ఆయన ఆఫీసుకి వెళ్తే, మా బాపు వేరేవాళ్ల గొంతుతో మాట్లాడుతున్నట్టు అనిపించి భయమేసింది.

ఇప్పుడు కాలం మారి మా మాటకి గౌరవం వచ్చింది. మేము అదే పని ఇంకొకరికి చేస్తున్నామని ఎప్పుడూ అనుకోలేదు. మా ఇంట్లోనూ విజయనగరం నుంచి వచ్చిన చిన్నమ్మ ఉంది. ఆమెని మేము ఏమని ఆటపట్టించేవాళ్లమో నాకు బాగా గుర్తుంది. రేపు ఫోన్ చేస్తాను.

రిటైర్డ్_మాస్టారు
భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును యాసలను బట్టి నాలుగు మండలాలుగా విభజించి చూపించారు. ఆ నాలుగింటిలో మీ కళింగం ఒకటి, ఓరుగల్లు వైపు ఒకటి, రాయలసీమ ఒకటి, కృష్ణా గోదావరుల మధ్యది ఒకటి. నాలుగూ పక్కపక్కనే, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. "తినీసాను" తప్పు మాట కాదమ్మా. తినడం పూర్తయిపోయింది అనే అర్థం అందులో ఎంత ముచ్చటగా ఇమిడిందో చూడు. ముప్పై ఏళ్లు బడిలో ఆ మాటలను ఎర్రసిరాతో కొట్టేశాను నేను. ఇప్పుడు ఆ పిల్లలు ఎక్కడున్నారో.

మూడోబెంచి
జీడితోట అక్కా, గోదారిగట్టు అమ్మ మొదట్లో అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. బావగారు మీ మాట ఏదైనా నేర్చుకున్నారా?

జీడితోట
లేదు అని రాయబోయాను. అప్పుడే లోపలి గదిలో ఆయన పాపని పిలుస్తున్నారు, "గుంటా, చెప్పులేసుకో" అని. పాప పుట్టినప్పటి నుంచీ అలాగే పిలుస్తారు. ఆ మాట మా ఊరిదని నేను ఎప్పుడూ గమనించలేదు. వాళ్ల వైపు ఎవరూ ఆడపిల్లని అలా పిలవరు.

ఆయనతో మాట్లాడతాను.

ఎర్రనేల
మాట్లాడినాక ఇక్కడ రాయి చెల్లెమ్మా.

గోదారిగట్టు
గుంటా అని పిలుస్తున్నాడా! సరే, అల్లుడి మీద కొంచెం కోపం తగ్గింది.

పాలపిట్ట_నీలు
దీప గారూ, నేను ఇంటిపేరు మార్చుకోవాలనే అనుకున్నాను. చట్టమని కాదు, ఎవరో అన్నారని కాదు. నాకు ఆయన ఇంటిపేరు నచ్చింది. ఇది చెబితే మీరందరూ తిడతారేమోనని రెండు రోజులు ఆగాను.

డల్లాస్_దీప
ఎందుకు తిడతాం నీలూ. చక్కగా మార్చుకో. స్పెల్లింగ్ మాత్రం చూసుకో.

జీడితోట
మూడు వారాలైంది. మాట్లాడాక రాయమన్నారు కదా.

ఆయనకు ఆ ఫంక్షన్ అస్సలు గుర్తులేదు. మొదట "సరదాకన్నరు గదా" అన్నారు. నేను ఊరుకున్నాను. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూనే, "నువ్వు బాల్కనీలకు పోయి మాట్లాడేది గందుకేనా" అని అడిగారు. అవునన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి పాపని పడుకోబెడుతూ, వాళ్ల నాన్న పోయిన కొత్తలో తను కూడా ఇంట్లో అందరి కోసం ఎలా గట్టి మనిషిలా మాట్లాడటం నేర్చుకున్నాడో చెప్పారు. ఆరేళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి. అది ఇక్కడ రాయను.

మొన్న ఆదివారం ఆ కజిన్స్ ఇంటికొచ్చారు. ఇప్పుడు వాళ్లకీ పెళ్లిళ్లయ్యాయి. భోజనాల దగ్గర ఒకమ్మాయి "వదినా, నువ్వు తినలే?" అంది. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగింది. ఈసారి మింగలేదు. "నేను తినీసాను, మీరు కానివ్వండి" అన్నాను. చెవులు వేడెక్కిపోయాయి. ఒకడు నవ్వబోయి మా ఆయన మొహం చూసి ఆగాడు.

అప్పుడు అత్తమ్మ వంటింట్లోంచి పచ్చిపులుసు గిన్నె తెచ్చి టేబుల్ మీద పెడుతూ, ఎవరి వైపూ చూడకుండా, "నేను గూడ తినీసిన బిడ్డా, మీరు తినుండ్రి" అన్నారు.

ఓరుగల్లు_వాసు
తినీసిన!! మాస్టారూ, ఈ మాట ఏ మండలంలోకి వస్తుంది?

రిటైర్డ్_మాస్టారు
నా సర్వీసులో ఎన్నడూ వినలేదు. పుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

వేపచెట్టు
అత్తమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

జీడితోట
చెప్పాను. ఎవరే అని అడిగారు. బస్సులో పరిచయమైన అక్క అని చెప్పాను.

అమ్మమ్మ శివరాత్రికి వస్తానంది, మొదటిసారి హైదరాబాద్. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ చేశాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రైలు దిగాక మెట్లు ఎక్కలేరు. సికింద్రాబాద్‌లో వీల్‌చైర్ ముందే చెప్పుకోవాలా, అక్కడికెళ్లి అడిగితే ఇస్తారా? ఎవరైనా ఈమధ్య వెళ్లినవాళ్లు చెప్పగలరా?